న్యూయార్క్‌లో రెంట్ స్టెబిలైజ్డ్ ఇల్లు లీజు మధ్యలో ఖాళీ చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉద్యోగం పోతుంది, ప్రాజెక్టు టెక్సస్‌కి మారుతుంది, న్యూజెర్సీలో సొంతిల్లు కుదురుతుంది, లేదా అమ్మానాన్నల కోసం ఇండియా తిరిగి వెళ్లాల్సి వస్తుంది. కారణం ఏదైనా, లీజు సగంలో ఉన్నప్పుడు అందరికీ వచ్చే సందేహాలు దాదాపు ఇవే. న్యూయార్క్ నగరంలోని రెంట్ స్టెబిలైజ్డ్ (అద్దె పెంపుకి చట్టం హద్దు పెట్టిన) అపార్ట్‌మెంట్ల వరకు వాటికి జవాబులు ఇక్కడ ఉన్నాయి. ఏ ప్రశ్నకా ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. ఇది సాధారణ సమాచారం మాత్రమే. కోర్టు కాగితం చేతికొస్తే టెనెంట్ లాయర్‌కి చూపించండి.

## వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

మా ఇల్లు రెంట్ స్టెబిలైజ్డ్ అవునో కాదో ఎలా తెలుస్తుంది?

1974కి ముందు కట్టిన, ఆరు లేదా అంతకంటే ఎక్కువ ఇళ్లున్న బిల్డింగ్ అయితే అయ్యే అవకాశం ఎక్కువ. పాత ఇటుక బిల్డింగులే అనుకోకండి. 421-ఎ పన్ను రాయితీతో లాంగ్ ఐలాండ్ సిటీలో, డౌన్‌టౌన్ బ్రూక్లిన్‌లో లేచిన అద్దాల టవర్లలోనూ చాలా ఇళ్లు దీని కిందకే వస్తాయి. లీజుకి రెంట్ స్టెబిలైజేషన్ రైడర్ అనే అనుబంధ కాగితం జతచేసి ఉందా, రెన్యూవల్ ఆర్‌టీపీ-8 అనే ఫారం మీద వచ్చిందా చూడండి. ఖాయంగా తెలియాలంటే రాష్ట్ర హౌసింగ్ శాఖ డీహెచ్‌సీఆర్ నుంచి మీ ఇంటి రెంట్ హిస్టరీ (ఇన్నేళ్లూ నమోదైన అద్దెల చిట్టా) తెప్పించుకోవాలి. దీనికి ఫీజు లేదు. అయితే ఆ ఇంట్లో ఉంటున్న టెనెంట్‌గా అడగడం తేలిక కాబట్టి వెళ్లే ఆలోచన వచ్చిన రోజే దరఖాస్తు పెట్టేయండి.

రెంట్ స్టెబిలైజ్డ్‌లో టెనెంట్‌కి హక్కులెక్కువ కదా, ఎప్పుడంటే అప్పుడు వదిలేయొచ్చా?

కుదరదు. ఈ చట్టం మిమ్మల్ని ఇంట్లో ఉంచడానికి పుట్టింది, బయటికి పంపడానికి కాదు. అద్దె పెంపుకి పరిమితి, రెన్యూవల్ హక్కు ఇస్తుంది. సంతకం చేసిన ఏడాదో రెండేళ్లో మాత్రం మిగతా లీజుల్లాగే మీరూ కట్టుబడి ఉండాలి. కాకపోతే అద్దె మార్కెట్ కంటే తక్కువ కాబట్టి ఇంకొకరు త్వరగా దొరుకుతారు. బయటపడే దారులు ఎక్కువగా ఆ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉన్నాయి.

హెచ్1బీ మీద ఉన్నాను, లేఆఫ్ అయింది, చేతిలో 60 రోజులే ఉన్నాయి. వీసా కారణంగా లీజు రద్దవుతుందా?

కాదు. ఉద్యోగం పోవడం, బదిలీ కావడం, వీసా స్టేటస్ మారడం లాంటివి న్యూయార్క్ చట్టంలో లీజు రద్దుకి కారణాలు కావు. గరిష్ఠంగా 60 రోజులుండే గ్రేస్ పీరియడ్ ఇమిగ్రేషన్ లెక్క. ఓనర్‌కి దాంతో సంబంధం లేదు. దేశంలో ఉండే గడువు చూపే మీ ఐ-94 ఇంకా ముందే ముగిస్తే గడువూ అక్కడే ముగుస్తుంది.

ఇక్కడ సమయమే అసలు చిక్కు. అసైన్‌మెంట్ (లీజుని ఇంకొకరికి బదిలీ చేయడం) దారిలో వెళ్తే ఉత్తరం పంపడం, ఓనర్ జవాబు, ఆపై 30 రోజుల నోటీసు కలిపి రెండు నెలలు ఇట్టే గడిచిపోతాయి. అందుకే ఈ పరిస్థితిలో మొదటి వారంలోనే ఓనర్‌తో సరెండర్ ఒప్పందం (గడువుకి ముందే ఇల్లు అప్పగించి లీజు ముగించే ఒప్పందం) గురించి మాట్లాడండి. అసైన్‌మెంట్ ఉత్తరం కూడా అదే వారంలో పోస్టు చేయండి. ఒకటి బెడిసికొట్టినా రెండోది నడుస్తూ ఉంటుంది. కొత్త ఉద్యోగం వస్తుందేమో చూద్దామని 45 రోజులు ఊరుకున్నవాళ్లకే ఎక్కువ నష్టం జరుగుతుంది.

మధ్యలో వెళ్లిపోతే మిగిలిన నెలల అద్దె మొత్తం కట్టాల్సిందేనా?

2019కి ముందు ఆ భయం నిజమే. ఆ ఏడాది జూన్‌లో వచ్చిన చట్టంతో రియల్ ప్రాపర్టీ లాలో 227-ఇ సెక్షన్ చేరింది. దాని ప్రకారం టెనెంట్ మధ్యలో వెళ్లిపోతే, ఓనర్ తన శక్తి మేరకు నిజాయితీగా ఆ ఇంటిని మళ్లీ అద్దెకివ్వడానికి ప్రయత్నించాలి. మార్కెట్ ధర, మీ లీజులోని అద్దె, ఈ రెండింటిలో తక్కువైన దానికే ఇవ్వజూపాలి. కొత్త టెనెంట్ లీజు మొదలైన రోజున మీ లీజు ముగుస్తుంది. ప్రయత్నించానని నిరూపించుకోవాల్సింది నష్టపరిహారం అడిగేవాళ్లే, అంటే ఓనరే. ఈ బాధ్యత మాకు లేదని లీజులో రాసుకున్నా అది చెల్లదు.

లెక్క ఇలా ఉంటుంది. అద్దె 2,100 డాలర్లు, ఏడు నెలలు మిగిలి ఉన్నాయనుకుందాం. కాగితం మీద బాకీ 14,700. నెలన్నరలో కొత్తవాళ్లు దిగితే మీ మీద నిజంగా పడేది 3,150. స్టెబిలైజ్డ్ ఇంట్లో ఆ "తక్కువైనది" సాధారణంగా మీ అద్దే కాబట్టి ఇల్లు ఎక్కువ కాలం ఖాళీగా ఉండటానికి కారణం కనిపించదు. ఈ లెక్క తెలియని టెనెంట్లు భయపడి నాలుగు నెలల అద్దె ఇచ్చి వస్తుంటారు.

లీజు ఇంకో మూడు నెలల్లో అయిపోతుంది, రెన్యూవల్ ఫారం వచ్చింది. ఏం చేయాలి?

ఓనర్ లీజు ముగియడానికి 90 నుంచి 150 రోజుల ముందు ఆర్‌టీపీ-8 పంపాలి. జవాబివ్వడానికి మీకు 60 రోజులుంటాయి. వెళ్లిపోవడం ఖాయమైతే, రెన్యూ చేయడం లేదనీ, ఫలానా తేదీకి ఖాళీ చేస్తాననీ రాసి పంపండి. ఒక్క పైసా పెనాల్టీ లేకుండా బయటపడటానికి అన్నిటికంటే తేలికైన దారి ఇదే.

ఖాయం కాకపోతే ఏడాదికే సంతకం చేయండి. 2025 అక్టోబర్ 1 నుంచి 2026 సెప్టెంబర్ 30 మధ్య మొదలయ్యే లీజులకు రెంట్ గైడ్‌లైన్స్ బోర్డు ఏడాదికి 3 శాతం, రెండేళ్లకి 4.5 శాతం పెంపు అనుమతించింది. రెండేళ్లది చూడ్డానికి చవక. ఏ వీసా ఎప్పుడు తేలుతుందో తెలియనివాళ్లకి ఆ చవక కలిసిరాదు. అన్నిటికంటే చెడ్డది ఏదీ సంతకం చేయకుండా నెలల తరబడి ఉండిపోవడం. అప్పుడు లీజు దానంతటదే ఏడాది రెన్యూ అయిందని ఓనర్ వాదనకి దిగొచ్చు.

నేను వెళ్లిపోతున్నాను, తమ్ముడు ఇక్కడే ఉంటాడు. ఇల్లు వాడికి వస్తుందా?

రావచ్చు. దీన్ని సక్సెషన్ హక్కు అంటారు. మీరు శాశ్వతంగా వెళ్లే ముందు వరుసగా రెండేళ్లు మీతో అదే ఇంట్లో, అదే ప్రధాన నివాసంగా ఉన్న కుటుంబ సభ్యుడు లీజు తన పేరుకి అడగవచ్చు. ఆ సభ్యుడు 62 దాటినవారో వికలాంగులో అయితే ఏడాది చాలు. భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, తాతలు, నాయనమ్మ, అమ్మమ్మ, మనవలు, అత్తమామలు, అల్లుడు, కోడలు ఈ జాబితాలో ఉన్నారు. మేనల్లుడు, మేనకోడలు, బాబాయి, పిన్ని వరసవాళ్లు లేరు. బంధుత్వం ఒక్కటే చాలదు. ట్యాక్స్ రిటర్న్, డ్రైవింగ్ లైసెన్స్, బ్యాంకు స్టేట్‌మెంట్ ఆ అడ్రసు మీదే ఉండాలి. ఈ అవకాశం ఉంటే సరెండర్ కాగితం మీద సంతకం పెట్టకండి, ఒకసారి అప్పగించిన ఇల్లు వెనక్కి రాదు.

## చట్టమే వదిలిపెట్టే సందర్భాలు

ఏ సందర్భాల్లో పెనాల్టీ లేకుండా లీజు రద్దు చేసుకోవచ్చు?

నాలుగున్నాయి, నాలుగూ ఇరుకైనవే.

టెనెంట్ గానీ, కలిసి ఉంటున్న భార్య లేదా భర్త గానీ 62 ఏళ్లు దాటినవారై లేదా వికలాంగులై, ఒంటరిగా బతకలేరని డాక్టర్ ధ్రువీకరించడంతో కుటుంబ సభ్యుల ఇంటికి మారుతుంటే రద్దు చేసుకోవచ్చు. సీనియర్ హౌసింగ్‌కో నర్సింగ్ హోమ్‌కో మారుతున్నప్పుడు కూడా ఇది వర్తిస్తుంది. నోటీసు తర్వాత వచ్చే అద్దె తేదీ నుంచి 30 రోజులు లెక్క. మార్చి 10న ఇస్తే ఏప్రిల్ 1 నుంచి 30 రోజులన్నమాట.

గృహహింస బాధితులకు 227-సి సెక్షన్ ఉంది. 30 రోజులు ముందుగా లిఖిత నోటీసు ఇచ్చి, 25 రోజుల్లోపు ఆధారం చూపించాలి. కోర్టు ఆర్డర్, పోలీసు రిపోర్టు, వైద్య రికార్డు లాంటివి పనికొస్తాయి. ఓనర్ ఈ వివరాలు గోప్యంగా ఉంచాలి.

మూడోది సైనిక విధులకు పిలుపు. నాలుగోది టెనెంట్ మరణం: వారసులు లీజు అసైన్ చేయడానికి గానీ సబ్‌లెట్‌కి (కొంతకాలం ఇంకొకరికి అద్దెకివ్వడానికి) గానీ అనుమతి కోరినప్పుడు ఓనర్ సరైన కారణం లేకుండా కాదంటే లీజు ముగిసినట్టే.

చలికాలంలో హీటింగ్ రావడం లేదు, నల్లులు కూడా ఉన్నాయి. అదే కారణం చూపి వెళ్లిపోవచ్చా?

వెళ్లొచ్చు కానీ అది జూదం. ఇల్లు నివాసయోగ్యం కాకుండా పోయిందనీ, చెప్పినా ఓనర్ బాగుచేయలేదనీ, అందువల్లే ఖాళీ చేశాననీ తర్వాత కోర్టులో మీరు నిరూపించాలి. అక్టోబర్ 1 నుంచి మే 31 వరకు పగలు బయట 55 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే తగ్గితే లోపల 68, రాత్రిళ్లు 62 ఉండాలన్నది నగర నిబంధన. తేదీ, గంట, థర్మామీటర్ ఫొటోతో చిట్టా రాయండి, ప్రతిసారీ నగర ఫిర్యాదుల నంబరు 311కి ఫిర్యాదు చేయండి, నగరపాలక హౌసింగ్ శాఖ ఇచ్చిన వయొలేషన్లు (ఉల్లంఘన నోటీసులు) ప్రింటు తీసుకోండి. ఈ కాగితాల కట్టకి అసలు విలువ బేరంలో ఉంది. అది చూపిస్తే చాలామంది ఓనర్లు డబ్బు అడగకుండా సరెండర్‌కి ఒప్పుకుంటారు.

## ఓనర్‌తో మాట్లాడేటప్పుడు

మొదటి ఈమెయిల్‌లో ఏం రాయాలి?

నాలుగు వాక్యాలు చాలు: ఫలానా తేదీకి ఖాళీ చేయాలనుకుంటున్నాను, లీజు ఫలానా తేదీ వరకు ఉంది, పరస్పర అంగీకారంతో సరెండర్ ఒప్పందం చేసుకోవాలని కోరుతున్నాను, ఇల్లు చూపించడానికి ఈ వేళల్లో సహకరిస్తాను. కష్టాలు ఏకరువు పెట్టకండి. "ఎంతైనా కడతాను", "నెలాఖరుకి వెళ్లిపోక తప్పదు" అన్న మాటలు అసలే వద్దు. మేనేజ్‌మెంట్ ఆఫీసులో ఆ మెయిల్ చదివేవాళ్లకి మీ తొందరే ధర. సూపర్‌తో (బిల్డింగ్ బాగోగులు చూసే మనిషితో) నోటిమాటగా చెప్పడం నోటీసు కిందకి రాదు.

ఓనర్ ఎందుకు ఒప్పుకుంటాడు? నా చేతిలో ఏముంది?

మీ లీజు తీసి రెండు అంకెలు వెతకండి: లీగల్ రెగ్యులేటెడ్ రెంట్ (చట్టం అనుమతించే గరిష్ఠ అద్దె), ప్రిఫరెన్షియల్ రెంట్ (ఓనర్ తగ్గించి ఇచ్చిన అద్దె). రెండూ ఉండి, మీరు కట్టేది తక్కువదైతే మీ దగ్గర బలముంది. 2019 చట్టం ప్రకారం మీరున్నన్నాళ్లూ ఓనర్ ఆ తక్కువ అద్దె మీదే పెంపు వేసుకోవాలి. మీరు వెళ్లిన రోజున కొత్త టెనెంట్‌కి లీగల్ రెంట్ దాకా వేసుకోవచ్చు. మీది 2,600, లీగల్ 3,400 అయితే ఏడాదికి 9,600 డాలర్ల తేడా. ఇలాంటప్పుడు మీరు డబ్బు కట్టి బయటపడటం అర్థం లేని పని. ఓనరే కొంత ఇచ్చి పంపించే సందర్భాలూ ఉంటాయి. బేరం అక్కడి నుంచి మొదలుపెట్టండి.

ఒకటే అంకె ఉంటే పరిస్థితి వేరు. ఇల్లు ఖాళీ అయినప్పుడు 20 శాతం పెంచుకునే వెసులుబాటు, అద్దె ఒక హద్దు దాటితే నియంత్రణ నుంచి తప్పించే వెసులుబాటు 2019లో పోయాయి. కొత్త టెనెంట్ వల్ల ఓనర్‌కి పెద్దగా లాభం లేదు, రంగులు, ప్రకటన, పేపర్లు అదనపు పని. అప్పుడు మీరివ్వగలిగింది పని తగ్గించడం: ఆదాయం, క్రెడిట్ స్కోరు బాగున్న ఒకరిద్దరిని పేపర్లతో సహా తీసుకెళ్లి చూపించండి. నెల అద్దెకి 40 రెట్లు వార్షికాదాయం అన్నది ఇక్కడి ఓనర్లు చూసే కొలత.

రెండు నెలల అద్దె కడితే వదిలేస్తామంటున్నారు. కట్టాలా?

ముందు లీజులో ఎర్లీ టెర్మినేషన్ క్లాజ్ (గడువుకి ముందే వెళ్తే ఎంత కట్టాలన్న షరతు) ఉందా చూడండి. ఉంటే ఆ అంకె దగ్గర మొదలవుతుంది. లేకపోతే రెండు నెలలన్నది వాళ్ల కోరిక మాత్రమే. ఇల్లు మళ్లీ అద్దెకి పోవడానికి నిజంగా ఎన్ని వారాలు పడుతుందో దాన్నిబట్టి లెక్కేయండి. మే నుంచి ఆగస్టు దాకా గిరాకీ బాగుంటుంది, డిసెంబర్, జనవరిలో మందగిస్తుంది. వేసవిలో ఒక నెలకి మించి ఒప్పుకోకపోవడమే సబబు. పైగా 2025 జూన్ 11 నుంచి అమల్లో ఉన్న ఫేర్ యాక్ట్ వల్ల ఓనర్ పెట్టుకున్న బ్రోకర్ ఫీజు కొత్త టెనెంట్ మీద వేయడానికి లేదు. అది మీ ఖాతాలో రాయాలని చూడొచ్చు. లీజులో లేని ఖర్చుకి ఒప్పుకోకండి.

రెండు నెలలు ఫ్రీ ఇచ్చారు, ఇప్పుడు అది వెనక్కి కట్టమంటున్నారు. నిజమేనా?

కొత్త టవర్లలో ఇది మామూలే. నెట్ ఎఫెక్టివ్ రెంట్ అని ఫ్రీ నెలలు సర్దిన తక్కువ అంకె చూపి, లీజులో గ్రాస్ రెంట్, అంటే పూర్తి అద్దె రాస్తారు. తేడా కన్సెషన్ రైడర్‌లో ఉంటుంది. ముందే వెళ్తే ఫ్రీ నెలలు తిరిగి చెల్లించాలన్న వాక్యం ఆ రైడర్‌లో ఉందో లేదో చదవండి. ఉంటే పూర్తి మొత్తమా, మిగిలిన నెలల దామాషా ప్రకారమా అన్నది బేరమాడొచ్చు. రైడర్‌లో లేనిది అడిగితే లిఖితంగా ఆధారం చూపమనండి.

సరెండర్ అగ్రిమెంట్‌లో ఏమేం ఉండాలి?

ఒక పేజీ చాలు, కానీ ఇవి తప్పకూడదు. ఇల్లు అప్పగించే తేదీ. ఆ తేదీతో లీజు ముగుస్తుందనీ, ఆపై అద్దె బాకీ ఉండదనీ స్పష్టమైన వాక్యం. ఏదైనా కడుతుంటే ఎంత, ఎప్పుడు. డిపాజిట్ ఏ తేదీలోపు, ఏ రూపంలో వెనక్కి వస్తుంది. గ్యారంటర్‌కి (మీ అద్దెకి హామీ ఉన్నవాళ్లకి) కూడా విముక్తి. లీజు మీద పేర్లున్న అందరి సంతకాలు, ఓనర్ తరఫున సంతకం పెట్టే అధికారం ఉన్నవాళ్ల సంతకం. గ్యారంటీ కంపెనీ ద్వారా తీసుకున్న ఇల్లైతే ఆ కంపెనీకి ఒక కాపీ పంపండి. లేకపోతే ఓనర్ వాళ్ల దగ్గర వసూలు చేస్తాడు, వాళ్లు మీ వెంటపడతారు.

"ఒకరి మీద ఒకరికి ఏ క్లెయిములూ ఉండవు" అన్న జనరల్ రిలీజ్ వాక్యం దగ్గర ఆగండి. రెంట్ హిస్టరీ చూడకుండా దాని మీద సంతకం పెట్టడమంటే, ఇన్నేళ్లూ ఎక్కువ అద్దె వసూలు చేసి ఉంటే ఆ డబ్బు మీద హక్కుని చిక్కుల్లో పడేసుకోవడమే.

రూమ్మేట్ ఉండిపోతాడు, నేనొక్కణ్నే వెళ్తున్నాను. నా బాధ్యత పోతుందా?

ఇద్దరి పేర్లూ లీజులో ఉంటే పోదు. మొత్తం అద్దెకి ఇద్దరూ విడివిడిగానూ బాధ్యులే; అతను కట్టకపోతే ఓనర్ మీ మీదికి రావచ్చు. మీ పేరు తీసేస్తూ ఓనర్ రాసి ఇవ్వాలి, ఇవ్వాలన్న నిర్బంధం లేదు. కనీసం వచ్చే రెన్యూవల్ మీద సంతకం పెట్టకండి. లీజులో మీ పేరు లేకపోతే రూమ్మేట్‌తో మాట్లాడుకుంటే సరిపోతుంది.

## సబ్‌లెట్, అసైన్‌మెంట్

సబ్‌లెట్ చేయాలా, అసైన్ చేయాలా?

తిరిగొచ్చేవాళ్లు సబ్‌లెట్, తిరిగి రానివాళ్లు అసైన్‌మెంట్. రెంట్ స్టెబిలైజ్డ్ ఇంటికి ఈ తేడా ప్రాణం. సబ్‌లెట్ చేయాలంటే ఆ ఇల్లే మీ ప్రధాన నివాసంగా కొనసాగాలి, తిరిగొచ్చే ఉద్దేశం ఉండాలి, ఏ నాలుగేళ్లలోనైనా రెండేళ్లకి మించకూడదు. ఆరు నెలలు హైదరాబాద్ ఆఫీసులో పనిచేసి వచ్చేవాళ్లకి సరిగ్గా సరిపోతుంది. డల్లస్‌లో ఇల్లు కొనుక్కుని ఇక్కడ సబ్‌లెట్ నడపడం కుదరదు. సబ్‌లెట్‌లో అద్దె బాధ్యత చివరిదాకా మీదే. అసైన్‌మెంట్‌లో లీజు మొత్తం అవతలివాళ్లకి బదిలీ అవుతుంది, మీకు మళ్లీ హక్కుండదు.

అసైన్‌మెంట్ అడిగితే ఓనర్ కాదంటాడని విన్నాను. మరి ఎందుకు అడగాలి?

కాదనడం కోసమే అడగాలి. 226-బి సెక్షన్ ప్రకారం ఓనర్ కారణం చెప్పకుండానే అసైన్‌మెంట్ నిరాకరించవచ్చు. కానీ ఆ నిరాకరణ అసమంజసమైతే, మీరు 30 రోజుల నోటీసుతో కోరినప్పుడు లీజు నుంచి విడుదల చేయాలి. అంటే మంచి ఆదాయం, మంచి క్రెడిట్ ఉన్న మనిషిని ముందుపెట్టి అడిగితే, ఒప్పుకున్నా మీరు బయటపడతారు, ఊరికే కాదన్నా బయటపడతారు. నష్టమల్లా ఓనర్‌కి సరైన కారణం దొరికినప్పుడే: ఆదాయం చాలదు, పాత అద్దె బాకీలున్నాయి లాంటివి. అప్పుడు అసైన్‌మెంటూ ఉండదు, విడుదలా ఉండదు. అందుకే మొహమాటానికి తెలిసినవాళ్ల అబ్బాయిని కాకుండా, కాగితాలు గట్టిగా ఉన్నవాళ్లని ఎంచుకోండి.

ఉత్తరం సర్టిఫైడ్ మెయిల్‌లో, రిటర్న్ రిసీట్‌తో పంపండి. అభ్యర్థి పేరు, అడ్రసు, ఉద్యోగం, జీతం ఆధారాలు, మీరు వెళ్తున్న కారణం, కో-టెనెంట్, గ్యారంటర్ల సమ్మతి జతచేయండి. ఒక మెలిక: 30 రోజులు జవాబు రాకపోతే అనుమతి ఇచ్చినట్టే అన్న నియమం సబ్‌లెట్‌కే ఉంది, అసైన్‌మెంట్‌కి లేదు. మౌనంగా ఉంటే ఇంకో ఉత్తరంలో విడుదల కోరండి, అంతేగాని కొత్తవాళ్లకి తాళాలివ్వకండి.

సబ్‌లెట్ అనుమతి ఎలా అడగాలి?

నాలుగు లేదా అంతకంటే ఎక్కువ ఇళ్లున్న బిల్డింగ్‌లో ఇది మీ హక్కు, "సబ్‌లెట్ నిషేధం" అని లీజులో ఉన్నా సరే. సర్టిఫైడ్ మెయిల్, రిటర్న్ రిసీట్ తప్పనిసరి. అందులో ఉండాల్సినవి: సబ్‌లెట్ కాలం, వచ్చే వ్యక్తి పేరు, అతని ఇల్లు, ఆఫీసు అడ్రసులు, మీ కారణం, ఆ కాలంలో మీ అడ్రసు, కో-టెనెంట్, గ్యారంటర్ల లిఖిత సమ్మతి, సబ్‌లీజు నకలు, మీ లీజు నకలు.

ఓనర్ మరిన్ని వివరాలు అడగాలంటే 10 రోజుల్లో అడగాలి. మీరు పోస్టు చేసిన రోజు నుంచి, వివరాలు అడిగి ఉంటే అవి పంపిన రోజు నుంచి, 30 రోజుల్లో ఔననో కాదనో కారణంతో చెప్పాలి. చెప్పకపోతే అనుమతి ఇచ్చినట్టే. ఈమెయిల్‌లో అడిగితే ఈ గడియారం మొదలే కాదు. చాలామంది అక్కడే దెబ్బతింటారు.

సబ్‌లెట్ మీద ఎంత అద్దె తీసుకోవచ్చు?

ఓనర్‌కి కట్టే చట్టబద్ధమైన అద్దె అంతే. ఇల్లు మీ ఫర్నిచర్‌తో ఇస్తే పది శాతం వరకు కలుపుకోవచ్చు. 2,000 అద్దెకి 2,200 గరిష్ఠం. మార్కెట్ 3,000 ఉంది కదా అని తీసుకుంటే, సబ్‌టెనెంట్ అదనపు మొత్తానికి మూడు రెట్లు రాబట్టుకోవచ్చు. ఓనర్‌కి మిమ్మల్ని ఖాళీ చేయించే కేసు కూడా దొరుకుతుంది.

ఓనర్‌కి చెప్పకుండా వాట్సాప్ గ్రూపులో ఎవరికైనా ఇచ్చేస్తే?

డోర్‌మ్యాన్ ఉన్న బిల్డింగ్‌లో వారంలో తెలిసిపోతుంది. అనుమతి లేని సబ్‌లెట్ లీజు ఉల్లంఘన. వచ్చినవాళ్లు అద్దె ఎగ్గొట్టినా, 30 రోజులు దాటాక కదలనన్నా కేసు మీరే వేసుకోవాలి. రోజుల లెక్కన ఎయిర్‌బీఎన్‌బీలో పెట్టడం ఇంకా ప్రమాదం: స్థానిక చట్టం 18 కింద 30 రోజులలోపు బసలకి నగరంలో రిజిస్ట్రేషన్ కావాలి, అద్దె నియంత్రణలో ఉన్న ఇళ్లకి అది ఇవ్వరు.

ఇంత తక్కువ అద్దె ఇల్లు అప్పగిస్తున్నందుకు కొత్తవాళ్ల దగ్గర కొంత తీసుకోవచ్చా?

తీసుకోకూడదు. ఇల్లు దక్కేలా చేస్తానని అద్దెకి మించి సొమ్ము పుచ్చుకోవడం న్యూయార్క్‌లో నేరం. సోఫా, మంచం న్యాయమైన ధరకి అమ్ముకోవచ్చు. పాత సోఫాకి మూడు వేలంటే ఎవరికైనా అర్థమవుతుంది.

## ఖాళీ చేసే వారం

చివరి నెల అద్దె డిపాజిట్‌లో సర్దుకోమనొచ్చా?

ఓనర్ రాసి ఒప్పుకుంటే తప్ప వద్దు. అద్దె ఎగ్గొట్టినట్టే లెక్క. ఆలస్య రుసుం 50 డాలర్లు లేదా అద్దెలో 5 శాతం, ఏది తక్కువైతే అంతవరకు పడొచ్చు.

ఇల్లు ఏ స్థితిలో అప్పగించాలి?

ఊడ్చి, సామాను లేకుండా. మామూలు వాడకంలో వచ్చే అరుగుదలకి డిపాజిట్ కోయకూడదు. మన ఇళ్లలో కోతపడేది ఎక్కువగా వంటగదిలో: పోపు జిడ్డు పట్టిన స్టవ్ హుడ్, వెనక గోడ, పసుపు మరకలు పడ్డ కౌంటర్. డీగ్రీజర్‌తో ఒక పూట పనిచేస్తే రెండు మూడు వందల డాలర్లు మిగులుతాయి. టీవీ బిగించిన రంధ్రాలు స్పాకిల్ అనే గోడ పుట్టీతో పూడ్చండి, ముదురు రంగులేసి ఉంటే తెల్లరంగు కొట్టండి. పరుపు బయట పారేస్తే ప్లాస్టిక్ కవర్ తొడగాలి, లేకపోతే 100 డాలర్ల జరిమానా. వారం ముందు ఓనర్ మనిషిని పిలిచి ఇల్లు చూపించి, ఏం బాగుచేయాలో రాసిమ్మనండి.

మూవర్లకి చాలా బిల్డింగుల్లో ఇన్సూరెన్స్ సర్టిఫికెట్, సర్వీస్ ఎలివేటర్ బుకింగ్ కావాలి. కాన్ ఎడిసన్ కరెంటు కనెక్షన్, రెంటర్స్ ఇన్సూరెన్స్ తాళాలిచ్చిన మర్నాటికి ఆపేయండి, ముందు కాదు.

తాళాలు డోర్‌మ్యాన్ దగ్గర పెట్టి వెళ్తే చాలా?

చాలదు. తాళాలు ఓనర్‌కి చేరిన తేదీయే మీరు ఖాళీ చేసిన తేదీగా నిలబడుతుంది. మేనేజ్‌మెంట్ ఆఫీసులో ఇచ్చి ఎన్ని తాళాలు, ఏ తేదీ అన్న రసీదు తీసుకోండి. ఆఖరి రోజు ప్రతి గది, అల్మారా, ఓవెన్ లోపల, బాత్‌రూమ్ వీడియో తీయండి.

## వెళ్లిపోయిన తర్వాత

డిపాజిట్ ఎన్నాళ్లలో రావాలి?

రెంట్ స్టెబిలైజ్డ్ ఇంటికి డిపాజిట్ ఒక నెల అద్దెకి మించకూడదు. 14 రోజుల్లో, కోతల జాబితాతో తిరిగివ్వాలన్నది రాష్ట్రంలో సాధారణ నియమం. స్టెబిలైజ్డ్ ఇళ్లకి ఆ గడువు యథాతథంగా వర్తిస్తుందా అన్నదాని మీద వాదనలున్నాయి. కాబట్టి ఒప్పందంలోనే తేదీ రాయించుకోవడం మేలు. రాకపోతే లిఖితంగా అడగండి, తర్వాత రాష్ట్ర అటార్నీ జనరల్ ఆఫీసుకి ఫిర్యాదు, ఆపై స్మాల్ క్లెయిమ్స్ కోర్టు. అక్కడ నగరంలో పరిమితి 10,000 డాలర్లు, లాయర్ అక్కర్లేదు.

ఓనర్ ఇల్లు ఎవరికీ ఇవ్వకుండా, నా మీద అద్దె పెరిగిపోతోందంటున్నాడు. ఎలా?

ఇల్లు ప్రకటనలో ఉందో లేదో స్ట్రీట్‌ఈజీ అనే ఇళ్ల ప్రకటనల సైట్‌లో వారం వారం చూసి స్క్రీన్‌షాట్ పెట్టుకోండి. మీ పాత అద్దె కంటే ఎక్కువకి పెట్టారా గమనించండి. మీరు పంపిన అభ్యర్థుల ఈమెయిళ్లు దాచుకోండి. ఏ తేదీన ప్రకటించారు, ఎవరికి చూపించారు, ఎందుకు తిరస్కరించారు అని లిఖితంగా అడగండి. రిపేరు ఖర్చు గిట్టదని కొందరు స్టెబిలైజ్డ్ ఇళ్లను ఖాళీగానే ఉంచేస్తున్నారు. ఆ నిర్ణయం వాళ్లది, దాని బిల్లు మీది కాదు. మళ్లీ అద్దెకిచ్చే ప్రయత్నమే చేయని ఓనర్‌కి నష్టపరిహారం రాబట్టడం కష్టం.

ఇండియా వెళ్లిపోయాక వాళ్లేం చేయగలరు?

కాంట్రాక్టు బాకీ మీద న్యూయార్క్‌లో ఆరేళ్ల వరకు దావా వేయొచ్చు. కలెక్షన్ ఏజెన్సీకి ఇస్తే క్రెడిట్ రిపోర్టులో ఏడేళ్లు కనిపిస్తుంది. మళ్లీ వచ్చే ఉద్దేశం ఉన్నవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. అమెరికాలోని నమ్మకమైన స్నేహితుల అడ్రసు ఫార్వర్డింగ్ అడ్రసుగా రాసివ్వండి, డిపాజిట్ వచ్చేదాకా అమెరికా బ్యాంకు ఖాతా మూసేయకండి. పాత అడ్రసుకి వెళ్లిన సమన్లు మీకు తెలియకుండానే డిఫాల్ట్ తీర్పుగా (మీరు హాజరుకాలేదని మీకు వ్యతిరేకంగా వచ్చే తీర్పుగా) మారడం ఈ తరహా కేసుల్లో పెద్ద నష్టం.

ఇన్నాళ్లూ ఎక్కువ అద్దె కట్టానని ఇప్పుడు తెలిసింది. ఖాళీ చేశాక అడగొచ్చా?

అడగొచ్చు. డీహెచ్‌సీఆర్‌లో ఆర్‌ఏ-89 ఫారంతో ఫిర్యాదు చేయాలి. సాధారణంగా గత ఆరేళ్ల అదనపు వసూలు లెక్కలోకి వస్తుంది, కావాలనే చేసినట్టు తేలితే మూడింతలు కూడా రావచ్చు. లీజులు, అద్దె చెక్కులు, రెంట్ హిస్టరీ జతచేయండి.

మాది జెర్సీ సిటీ. ఇవన్నీ మాకూ వర్తిస్తాయా?

వర్తించవు. హడ్సన్ నదికి అవతల చట్టం వేరు. అక్కడ రెంట్ కంట్రోల్ ఏ ఊరికా ఊరి ఆర్డినెన్స్, డిపాజిట్ నెలన్నర అద్దె దాకా తీసుకోవచ్చు, 30 రోజుల్లో తిరిగివ్వాలి. మీ మునిసిపాలిటీ రెంట్ ఆఫీసుని అడగండి.